తేనె గడ్డకట్టిందా? కంగారు పడకండి: తేనెటీగల మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో మా తేనెటీగల పెట్టెల గురించి రాశాక ఉత్తరాలు చాలా వచ్చాయి. జంగారెడ్డిగూడెం పక్కన మెట్టలో నేనూ మా ఆయనా 18 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాం. ప్రస్తుతం 52 పెట్టెలున్నాయి, వాటిలో 40 ఇటలీ ఈగలవి, 12 మన పుట్ట తేనెటీగలవి. అందరికీ విడివిడిగా రాయలేను కాబట్టి ఎక్కువమంది అడిగినవి ఏరి ఇక్కడ జవాబిస్తున్నాను.

అక్కా, సంక్రాంతికి తెలిసినవాళ్ళ దగ్గర రెండు కిలోల తేనె కొన్నాను. నెల తిరక్కముందే అడుగున చక్కెరలా గడ్డకట్టింది. మా అత్తగారు "మోసపోయావు" అంటున్నారు. నీళ్ళలో వేస్తే అడుక్కి దిగింది, తేనెలో ముంచిన అగ్గిపుల్ల కూడా వెలిగింది. ఏది నమ్మాలి?
– ఖమ్మం నుంచి ఒక గృహిణి

గడ్డకట్టిందని మాత్రం పారేయకండి తల్లీ. ఈ ఒక్క అపోహ వల్ల మాలాంటివాళ్ళం ఎన్ని సీసాలు వెనక్కి తీసుకున్నామో చెప్పలేను. తేనెలో ముఖ్యంగా రెండు రకాల చక్కెరలుంటాయి, గ్లూకోజ్, ఫ్రక్టోజ్. చలికాలంలో గ్లూకోజ్ పలుకులుగా విడిపోయి అడుక్కి చేరుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. అది ఎంత త్వరగా జరుగుతుందనేది ఈగలు ఏ పూత మీద తిరిగాయన్న దాన్నిబట్టి ఉంటుంది. పొద్దుతిరుగుడు తేనె, ఆవాల తేనె కొద్దివారాల్లోనే నెయ్యిలా పేరుకుంటాయి. గ్లూకోజ్ తక్కువున్న తేనె నెలల తరబడి పారుతూనే ఉంటుంది. సీసాని చెయ్యి పట్టేంత గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచండి, కరుగుతుంది. పొయ్యి మీద పెట్టి కాచొద్దు, వాసనా పోతుంది, అందులోని ఎంజైములూ పోతాయి. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన పని కూడా లేదు, మూత బిగించి అలమారలో పెట్టుకుంటే చాలు.

ఇక పరీక్షల సంగతి. నీళ్ళలో అడుక్కి దిగడం, అగ్గిపుల్ల వెలగడం, కాగితం మీద పాకకపోవడం, కుక్క ముందు పెడితే ముట్టకపోవడం, ఇవన్నీ నేనూ చిన్నప్పటి నుంచి వింటున్నవే. వీటిలో ఏదీ కల్తీని పట్టలేదు. చిక్కటి బెల్లం పాకమైనా నీళ్ళలో అడుక్కే దిగుతుంది. అగ్గిపుల్ల చెప్పేది తేమ సంగతి మాత్రమే, అది కూడా అంతంతమాత్రంగానే చెబుతుంది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు 13 బ్రాండ్ల తేనెను జర్మనీలో ఎన్ఎంఆర్ అనే పరీక్ష చేయిస్తే నెగ్గినవి మూడే మూడు. మామూలు ల్యాబ్ పరీక్షల్లో వాటిలో చాలావరకు పాసైపోయాయి. ఆ పరీక్షలకు దొరక్కుండా ఉండేలా బియ్యంతో, ఇంకా వేరేవాటితో పాకాలు తయారవుతున్నాయి. ల్యాబులకే దొరకనిది మన వంటింట్లో అగ్గిపుల్లకి దొరుకుతుందా చెప్పండి.

కాబట్టి కొనేటప్పుడు అమ్మేవాళ్ళని రెండు మాటలు అడగండి. ఇది ఏ పూత తేనె, ఏ నెలలో తీశారు? నిజంగా పెట్టెలు పెట్టినవాళ్ళు తడుముకోకుండా చెబుతారు, ఇంకా ఆపండి అనేదాకా చెబుతారు. ఇంకో గుర్తు కూడా ఉంది. ఏడాది పొడుగునా ఒకే రంగు, ఒకే రుచి, ఒకే చిక్కదనం ఉన్న తేనె మా పెట్టెల్లో ఒక్కసారి కూడా రాలేదు. జీడిమామిడి పూత తేనె వేరు, కానుగ తేనె వేరు. వేప పూత కలిసిన ఏడాది చివర్లో చిరుచేదు తగులుతుంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. మీ అత్తగారికి ఈ జవాబు చదివి వినిపించండి, గడ్డకట్టిన తేనె రొట్టె మీద రాసి పెట్టండి.

మేడం, మీరు కూడా ఈగలకు పంచదార పాకం పెడతారని విన్నాను. మరి అది కల్తీ కాదా?
– తణుకు నుంచి ఒక ఉపాధ్యాయుడు

పెడతాం. దాచుకోవాల్సిన విషయం కాదు. మా మెట్టలో జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా పూత తక్కువ, పైగా రోజుల తరబడి ముసురు. ఈగ బయటికి వెళ్ళలేదు, వెళ్ళినా దొరికేదేమీ ఉండదు. గూట్లో నిల్వ అయిపోతే మొత్తం సంసారం ఆకలితో చస్తుంది. అందుకని మనం తీసుకునే తేనె నిండే పై అరలు, అంటే తేనె గదులు, అన్నీ తీసేసి, పంచదార, నీళ్ళు సమానంగా కలిపిన పాకం సాయంత్రం పూట పెట్టె లోపల పెడతాం. ఒక్క చుక్క బయట ఒలికినా పక్కపెట్టె ఈగలు దోపిడీకి దిగుతాయి కాబట్టి ఆ పని కాస్త నిదానంగా చేయాలి. మబ్బులు విడి పూత మొదలవబోతుండగానే ఆపేస్తాం. అప్పటికి ఆ పాకమంతా ఈగల తిండికీ పిల్లల పెంపకానికీ ఖర్చైపోయి ఉంటుంది.

పూత జోరుగా ఉన్నప్పుడు, తేనె గదులు పైన ఉన్నప్పుడు పాకం పెట్టేవాళ్ళూ ఉన్నారు. అది కల్తీయే, దానికి ఇంకో పేరు లేదు. అలాగే గళ్ళకి మైనం మూత పడకముందే పచ్చితేనె తీసేయడం కూడా తప్పే. ఈగ తెచ్చిన మకరందంలో ఎక్కువ పాళ్ళు నీళ్ళే. అవి రాత్రంతా రెక్కలతో విసిరి విసిరి ఆ నీటిని 18 శాతం దాకా తగ్గించి, అప్పుడు మూత వేస్తాయి. మన ప్రమాణాల ప్రకారం తేమ 20 శాతం దాటకూడదు. ఫ్రేములో, అంటే ఈగలు గూడు కట్టే చెక్క చట్రంలో, ముప్పాతిక వంతుకి మూత పడిందాకా మేం ముట్టుకోం. పూత మంచిగా ఉన్న రోజుల్లో రాత్రి తొమ్మిదింటప్పుడు పెట్టె గుమ్మం దగ్గర ముఖం పెట్టి చూడండి. లోపలి నుంచి వెచ్చటి గాలి వస్తుంది, ఆ గాలిలో ఏ పూత మీద పని జరుగుతోందో వాసన తెలిసిపోతుంది.

అక్కా, సబ్సిడీలో రెండు పుట్ట తేనెటీగల పెట్టెలు తెచ్చుకున్నాను. నెలలో రెండూ ఖాళీ. ఈగలన్నీ ఎటో వెళ్ళిపోయాయి. ఎక్కడ తప్పు చేశాను?
– నర్సీపట్నం దగ్గర నుంచి ఒక యువరైతు

మొదటి ఏడాది మాకూ ఇలాగే అయింది తమ్ముడూ, ఐదింటిలో మూడు ఖాళీ అయ్యాయి. పుట్ట తేనెటీగ స్వభావమే అంత, దానికి ఏదైనా నచ్చకపోతే సర్దుకుపోదు, పెట్టె వదిలేస్తుంది. కారణం నువ్వు రాయలేదు కాబట్టి నేను చెప్పేవాటిలో నీకు ఏది సరిపోతుందో చూసుకో. ఖాళీ పెట్టెలో మైనం గూళ్ళ మీద సాలెగూడులాంటి తెల్లటి పోగులు, నల్లటి రవ్వలాంటి రెట్టలు ఉన్నాయా? ఉంటే మైనపు పురుగు పట్టింది. ఈగలు కప్పలేనన్ని ఫ్రేములు లోపల ఉంచితే ఆ మూలల్లోనే ఈ పురుగు చేరుతుంది, అందుకే బలహీనంగా ఉన్నప్పుడు ఖాళీ ఫ్రేములు తీసేసి గూటిని కుదించాలి. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టావా? లేకపోతే చీమలు. ఎండ నేరుగా పడుతోందా? మధ్యాహ్నం నీడ ఉండాలి, పక్కనే నీళ్ళుండాలి, ఆ నీళ్ళలో ఈగ వాలడానికి గోనెపట్టానో నాలుగు గులకరాళ్ళో ఉండాలి. మరీ ముఖ్యం, రోజూ తెరిచి చూశావా? కొత్తలో అందరం చేసే తప్పు అదే. వారానికి ఒకసారి చాలు, అది కూడా ఎండ పొడ వచ్చాక.

ఇవేవీ కాకపోతే ఆకలే. తెచ్చిన నెలలో మీ ఊళ్ళో ఏం పూసిందో ఒకసారి గుర్తు చేసుకో. ఏమీ గుర్తుకు రాకపోతే కారణం దొరికినట్టే. ఆ పెట్టెలు పారేయకు, గూళ్ళు గీకేసి, ఎండలో బాగా ఆరబెట్టి, లోపల కాస్త మైనం రుద్ది చెట్టు నీడన పెట్టి ఉంచు. పూతల కాలంలో చీలి వచ్చిన గుంపు దానంతట అదే వచ్చి చేరిన సందర్భాలు మాకు రెండు మూడున్నాయి.

మా అపార్ట్‌మెంట్‌లో ఐదో అంతస్తు సన్‌షేడ్ కింద చేటంత తేనెపట్టు పెట్టాయి. పిల్లలున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. మందు కొట్టించేద్దామని అసోసియేషన్ వాళ్ళు అంటున్నారు. మీ సలహా?
– కూకట్‌పల్లి, హైదరాబాద్ నుంచి ఒకరు

మందు మాత్రం కొట్టించకండి, చేతులెత్తి అడుగుతున్నాను. అవి కొండ తేనెటీగలు. పెట్టెల్లో ఇమడవు, ఎత్తైన చెట్లకీ బండలకీ పడతాయి, ఊళ్ళో అవి లేకపోతే మేడలకీ వాటర్ ట్యాంకులకీ పడతాయి. చుట్టుపక్కల పూత అయిపోగానే కొద్ది నెలల్లో వాటంతటవే లేచిపోతాయి. ఆ గుంపులో వేల ఈగలుంటాయి. మందు కొడితే అన్నీ ఒక్కసారిగా చావవు, బతికినవి రేగి దారినపోయేవాళ్ళ మీద పడతాయి. ఇంకో సంగతి ఎవరూ ఆలోచించరు, మందు కొట్టి కింద పడేసిన ఆ పట్టులోని తేనెను పిండి, సీసాల్లో పోసి, మీ వీధిలోనే "అడవి తేనె" అని అమ్మేవాళ్ళున్నారు.

ఆ గోడ వైపు కిటికీ మూసి ఉంచండి, లేదా మెష్ కొట్టించండి. రాత్రిపూట ఆ బాల్కనీలో లైటు ఆర్పేయండి, ఈ రకం ఈగలు వెలుతురుకి వచ్చేస్తాయి. కింద బాణాసంచా, పొగ, రాళ్ళు వద్దని పిల్లలకి గట్టిగా చెప్పండి. ఒకవేళ రేగితే ముఖం కప్పుకుని పరిగెత్తి గదిలోకి దూరి తలుపేసుకోవాలి, అక్కడే నిలబడి చేతులు విసరకూడదు. మీ బ్లాకులో కుట్టితే ప్రమాదమైన ఎలర్జీ ఉన్నవాళ్ళున్నా, అది సరిగ్గా బడిపిల్లలు నడిచే గేటు మీదున్నా అప్పుడు తీయించాల్సిందే. చంపకుండా రాత్రివేళ పొగపెట్టి తరలించేవాళ్ళు హైదరాబాద్‌లో ఉన్నారు, కాస్త వెతికి వాళ్ళనే పిలవండి.

కుట్టగానే ఏం చేయాలి?
– చాలామంది

మా పెట్టెల్లో ఈగ కుట్టితే ముల్లు చర్మంలో ఉండిపోతుంది, దాని వెనకున్న సంచి ఇంకా విషం పంపుతూనే ఉంటుంది. అందుకని సున్నం కోసమో పసుపు కోసమో లోపలికి పరిగెత్తకుండా, ముందు గోటితో గీకి ముల్లు తీసేయండి. తర్వాత చన్నీళ్ళో ఐసో పెట్టండి. కుట్టిన చోట వాపు, దురద మామూలే. ఊపిరి ఆడకపోయినా, పెదాలు, నాలుక వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి కళ్ళు తిరిగినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ముల్లు దిగిన చోట అరటిపండులాంటి వాసన వస్తుంది, అది మిగతా ఈగలకు పిలుపు. అందుకే అక్కడి నుంచి వెంటనే దూరంగా జరగాలి.

పుట్టిన బిడ్డ నాలుకకి తేనె రాయడం మా ఇంటి ఆనవాయితీ. మంచిదేగా?
– విజయనగరం నుంచి ఒక అమ్మమ్మ

వద్దమ్మా. ఏడాది నిండని పిల్లలకి తేనె ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో బోట్యులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు ఉండే అవకాశం ఉంది. మన పేగులు వాటిని తట్టుకుంటాయి, పసిపేగులు తట్టుకోలేవు. ఎంత మంచి తేనె అయినా ఇదే మాట, మా తేనె అయినా ఇదే మాట. మా మనవరాలికి కూడా మొదటి పుట్టినరోజు అయ్యాకే నాకించాను.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఉద్యోగం మానేసి 100 పెట్టెలతో మొదలుపెడదామనుకుంటున్నాను. పెట్టెకి ఇన్ని కిలోలు అని లెక్క వేస్తే బాగానే కనిపిస్తోంది. మీరేమంటారు?
– గచ్చిబౌలి నుంచి ఒక పాఠకుడు

ఐదు పెట్టెలతో మొదలుపెట్టండి, ఉద్యోగం చేస్తూనే. ఒక ఏడాది పూర్తిగా, వానాకాలంతో సహా, వాటిని నిలబెట్టండి. అప్పుడు మాట్లాడుకుందాం.

మీ లెక్కలో పెట్టెలున్నాయి, కిలోలున్నాయి, పూత లేదు. మాకు ఇటలీ పెట్టెకి మంచి ఏడాది 30 కిలోల దాకా వచ్చింది, చెడ్డ ఏడాది 12 రాలేదు. పుట్ట తేనెటీగల పెట్టెకి ఐదారు కిలోలు వస్తే సంతోషం. పూత వెంట పెట్టెలు తిప్పితేనే ఆ 30 వస్తాయి. నవంబరులో అరకు వైపు వలిసెల పూతకి తీసుకెళతాం, కొండల మీద మడులన్నీ పసుపుపచ్చగా ఉంటాయి. జనవరి, ఫిబ్రవరికి తిరిగి మా మెట్టకి, జీడిమామిడికి. ఆ తర్వాత వేప, కానుగ, మధ్యమధ్య కొబ్బరితోటలు. తరలించడం అంతా రాత్రే. చీకటి పడి ఈగలన్నీ గూటికి చేరాక గుమ్మాలకి జాలీ కొట్టి, వ్యానులో పేర్చి, తాళ్ళు బిగించి, తెల్లారేలోగా కొత్తచోట దింపాలి. దారిలో వ్యాను పాడైతే ఎండెక్కేసరికి లోపల మైనం మెత్తబడి గూళ్ళు కూలిపోతాయి. ఆ రాత్రి నిద్ర ఉండదు, ఆ తర్వాత వారం నడుం ఉండదు.

ఇంకొకటి చెప్పాలి, ఇది చెప్పకుండా ఎవర్నీ ఈ పనిలోకి రమ్మనను. ఆరేళ్ళ క్రితం మాఘమాసంలో ఒకరోజు పది గంటలప్పుడు పెట్టెల దగ్గరికి వెళితే, ప్రతి గుమ్మం ముందూ ఈగలు పెసలు ఒలకబోసినట్టు పడున్నాయి. కొన్ని బతికే ఉన్నాయి, వెల్లకిలా పడి గిర్రున తిరుగుతున్నాయి, నాలుకలు బయటికి సాగిపోయి ఉన్నాయి. కాళ్ళకి పుప్పొడి ముద్దలు అలాగే అంటుకుని ఉన్నాయి. పక్కనున్న తోటలో ఆ ఉదయం పూత మీద పురుగుమందు కొట్టారు. 17 పెట్టెలు దెబ్బతిన్నాయి, అందులో తొమ్మిది మళ్ళీ కోలుకోలేదు. మా ఆయన కోపంతో ఊగిపోయారు. నేను సాయంత్రం ఆ రైతు ఇంటికి వెళ్ళాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు, "నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారు. మందు డబ్బా తెప్పించి చూస్తే తేనెటీగలకు ప్రమాదమని చిన్న అక్షరాల్లో ఉంది, ఇంగ్లిష్‌లో. ఆయనకి ఇంగ్లిష్ రాదు. ఆయన పంట నష్టపోకూడదని ఆయన కొట్టారు, నా ఈగలు ఆయన తోటలోనే పని చేస్తున్నాయని ఆయనకి తెలియదు, నేనూ వెళ్ళి చెప్పలేదు.

అప్పటినుంచి పెట్టెలు దింపే ప్రతి చోటా ముందు చుట్టూ ఉన్న రైతుల ఇళ్ళకి వెళతాను. అరకిలో సీసా, ఫోన్ నంబరు ఇచ్చి, పూత మీద కొట్టొద్దని, తప్పకపోతే సాయంత్రం ఐదు దాటాక కొట్టమని, ముందురోజు నాకొక మాట చెప్పమని అడుగుతాను. ఫోన్ వస్తే చీకటి పడ్డాక గుమ్మాలు మూసి, తడి గోనెలు కప్పి, మర్నాడు మధ్యాహ్నం వరకు అలాగే ఉంచుతాం. ఆ తోట రైతు ఇప్పుడు మాకు ఫోన్ చేసేవాళ్ళలో మొదటివాడు. పొద్దుతిరుగుడు లాంటి పంటల్లో ఈగలు తిరిగితే గింజ బాగా నిండుతుంది కాబట్టి పెట్టెలు పెట్టమని వాళ్ళే పిలిచిన చోట్లూ ఉన్నాయి. అయినా ప్రతి ఏడాదీ ఒకటో రెండో పెట్టెలు ఎక్కడో ఒకచోట మందుకి పోతూనే ఉన్నాయి. ఈగ రెండు మూడు కిలోమీటర్లు వెళుతుంది, అంతదూరం అందరిళ్ళకీ నేను వెళ్ళలేను.

శిక్షణ కావాలంటే మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. పుణేలో ఖాదీ కమిషన్ వాళ్ళ కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ 1962 నుంచీ ఉంది. నేర్చుకుని, ఏడాది చేసి, అప్పటికీ మనసు అటే లాగితే ఉద్యోగం సంగతి ఆలోచించండి.

అడవి తేనె మంచిదా, పెట్టె తేనె మంచిదా?
– కర్నూలు నుంచి ఒక విద్యార్థిని

పూత మంచిదైతే రెండూ మంచివే. నల్లమలలో చెంచులు తాళ్ళు కట్టుకుని కొండ అంచు నుంచి దిగి తీసే తేనెకి నేను చేతులు జోడిస్తాను. ఆ తాడు పైన పట్టుకునేది భార్య తమ్ముడో అన్నో అయి ఉండాలంటారు, అక్కచెల్లెళ్ళ పసుపుకుంకుమల మీద ఉన్న మమకారం తాడు వదలనివ్వదని. గిరిజన కో-ఆపరేటివ్ కార్పొరేషన్ 1956 నుంచి ఉంది, అడవి తేనె కావాలంటే అక్కడ కొనండి. అడగాల్సింది ఏమిటంటే, తేనె ఎలా తీశారు? పట్టు మొత్తం కాల్చి, పిల్ల ఈగలతో సహా పిండిన తేనె నేను కొనను. తేనె ఉన్న భాగమే కోసి, పిల్లలున్న భాగం వదిలేస్తే ఆ గుంపు బతుకుతుంది.

ఆంటీ, నేను ఆరో తరగతి. రాణి ఈగని ఎలా గుర్తుపట్టాలి? మీ పెట్టెలు చూడటానికి రావచ్చా?
– కొయ్యలగూడెం నుంచి ఒక అబ్బాయి

రా నాన్నా. రాణి మిగతావాటికంటే పొడుగ్గా ఉంటుంది, పొట్ట సన్నగా సాగి ఉంటుంది, రెక్కలు ఆ పొట్టని సగం వరకే కప్పుతాయి. అది నడిచేచోట చుట్టూ ఉన్న ఈగలు దాని వైపు ముఖం తిప్పి వలయంలా నిలబడతాయి, అలా చూస్తే త్వరగా దొరుకుతుంది. ఒక్కోరోజు అరగంట వెతికినా కనిపించదు. అప్పుడు ఫ్రేముని ఎండ వైపు వంచి గళ్ళలోకి చూస్తాను. ఒక్కో గదిలో ఒక్కో గుడ్డు, తెల్లదారం ముక్క తుంచి నిలబెట్టినట్టు ఉంటుంది. నిలబడి ఉంటే అది ఈరోజో నిన్నో పెట్టింది, మూడో రోజుకి పడుకుంటుంది. అవి కనిపిస్తే చాలు, రాణి క్షేమంగా ఉందని పెట్టె మూసేస్తాను.

ఆదివారం తొమ్మిది తర్వాత మీ నాన్నని తీసుకుని రా. తెల్ల చొక్కా వేసుకో, నల్లది వద్దు. సెంటు పూసుకోవద్దు, వచ్చేముందు అరటిపండు తినొద్దు, ఎందుకో పైన రాశాను. తలకి వేసుకునే జాలీ చిన్న సైజుది మా ఇంట్లో ఒకటుంది.